నాలుగో కేబుల్

పాలకొల్లు దాటాక, నరసాపురం రోడ్డులో,
నిరుటిదాకా రొయ్యల చెరువు అది.
నేలను పరీక్షించే గొట్టం
మొదటి పది మీటర్లూ సుత్తి దెబ్బ అడక్కుండానే
తన బరువుకు తనే దిగిపోయింది.
పద్నాలుగో మీటరు దగ్గర గుల్లలు పైకొచ్చాయి,
సముద్రం ఇల్లు ఖాళీ చేస్తూ
మరిచిపోయిన సామాను.
గట్టి నేల ముప్పై మీటర్ల కింద ఉంది.
అక్కడిదాకా పైళ్ళు దింపాం.

రామభద్రరాజు గారికి కింద కల్యాణ మంటపం కావాలి,
పైన నాలుగంతస్తుల లాడ్జి కావాలి,
మధ్యలో స్తంభమన్నది ఉండకూడదు.
"పీటల మీద పిల్ల ఆఖరి కుర్చీకి కూడా కనపడాలండి.
అయినా మా తాతగారి తాటి దూలాలు
ఎన్ని తుఫాన్లు చూశాయండి!
మీరేటండీ ఇంత ఇనుము రాశారు?"
పద్దెనిమిది మీటర్ల తాడి మాను దొరికితే పంపమన్నాను.
ఆయన నవ్వారు.
పై స్తంభాలన్నీ నా దూలాల నడుము మీదే దిగుతాయి,
నాకు నవ్వు రాలేదు.

దూలంలో కేబుల్‌ని దండెంలా వేలాడదీస్తాం.
తడి చీరలు ఆరేసిన దండేన్ని కొస పట్టి లాగండి,
చీరలు పైకి లేస్తాయి.
అంతే, మిగిలింది లెక్క.
కానీ చీరలు పడకముందే బలమంతా పెడితే
గుంజలు ఊడొస్తాయి.
దూలమైతే పైకి వంగి వీపు పగులుతుంది.
అందుకని మూడు కేబుళ్ళు ఇప్పుడు,
మూడు కేబుళ్ళు రెండంతస్తులు లేచాక.

వేసవిలో కాలువలు కట్టేశారు.
బోరు నీళ్ళు నోట పెట్టలేం, సిమెంటులో అసలే పెట్టలేం.
ట్యాంకరు మంచినీళ్ళు స్లాబు తాగుతుంటే
వీధి చివర బిందెల వరస మావైపే చూసేది.
నేను వంగి కవర్ బ్లాకులు లెక్కపెట్టేదాన్ని,
లెక్కపెట్టినవే మళ్ళీ.

దసరా వెళ్ళాక రెండో విడత.
మస్తాన్ జాకీ తగిలించాడు.
నాలుగోది నూట ముప్పై ఒక్క మిల్లీమీటర్లు సాగాలి.
నూట పదమూడు దగ్గర ఆగింది.
గేజీ ముల్లు ఉండాల్సిన చోటే ఉంది,
తీగ మాత్రం రానంటోంది.
"లోపలెవరో పట్టుకున్నారు మేడం," అన్నాడు.
నెత్తిన రెండంతస్తులు.
వంట మనిషి టీ తెచ్చి, మా మొహాలు చూసి
కెటిల్ అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

కొసలకు తొడిగిన ఎర్ర మూతలు ఏవీ?

ఇసక కుప్ప మీద వాచ్‌మన్ అప్పలకొండ కొడుకు
బండి తోలుతున్నాడు.
తెగిన హవాయి చెప్పు బండి, చీపురు పుల్ల ఇరుసు,
ఎర్రగా రెండు చక్రాలు.
శ్రావణం వానా, ఉప్పుగాలీ
ఆ గొట్టంలో ఎన్నాళ్ళ కాపురం చేశాయో!
అప్పలకొండ చెయ్యెత్తాడు. పట్టుకున్నాను.
తీగ కొసలు రోజూ చూడమని
నేను ఏ కాగితం మీదా రాయలేదు.

నీళ్ళు కొట్టాం. నిన్నటి టీ రంగులో బయటికొచ్చాయి.
లాగాం, వదిలాం,
మళ్ళీ లాగాం.
మస్తాన్ టేపు మీద గోరు ఆనించి చదివాడు,
నూట ఇరవై ఐదు.
నూట ఇరవై నాలుగున్నరకు తగ్గకూడదు.
ఆ మిగిలిన అర మిల్లీమీటరు అతని గోరంత కూడా లేదు.
మూడుసార్లు చదివించి సంతకం పెట్టాను.

రాత్రి నాలుగోది అసలు లేదనుకుని లెక్క వేశాను.
దూలం నిలబడింది.
లెక్కే తప్పేమోనని మొదటినుంచి వేశాను.
అప్పటికి పాల వ్యాను వచ్చేసింది.

మాఘంలో మొదటి పెళ్ళి.
అక్షింతలు వేయడానికి అందరూ లేచారు.
నేను కప్పు వైపు చూస్తూ కూర్చున్నాను.
పక్కావిడ, "ఫ్యాను కింద పడుద్దనాండీ?" అంది.

గ్రౌటు పోశాక ఆ మూతలతో పని లేదు.
పిల్లాడికి తిరిగిద్దామని వెళ్ళేసరికి
రేకుల షెడ్డు విప్పేశారు.
కాకినాడ వైపు ఏదో సైటుకి పోయారట,
ఏ సైటో మేస్త్రీకి తెలీదు.
రెండు ఎర్ర మూతలూ నా పెన్నుల డబ్బాలో ఉన్నాయి,
పెన్సిల్ తీసినప్పుడల్లా గలగలమంటాయి.