బొగ్గు గీతల లెక్క

డాక్టరమ్మ పేరు స్కొలాస్తికా.
నేను ఆమె బండి నడిపేవాణ్ణి.
మహెంగె కొండల కింద దారి అనేది వాన దయ,
ఎండితే దుమ్ము, తడిస్తే జిగురు.
ఆ దారిలో మూడేళ్ళు
నా వీపు వెనక కూచుని ఊళ్ళు లెక్కపెట్టింది.
ఊళ్ళు కాదు,
ఊళ్ళలో ఉన్నట్టుండి పడిపోయేవాళ్ళని.

మా స్వాహిలీలో ఆ జబ్బు కిఫాఫా.
అందులో చావు రెండుసార్లు వినిపిస్తుంది.
చచ్చి లేవడం, మళ్ళీ చావడం అని
మా అమ్మ అర్థం చెప్పేది.
నురగ తగిలితే అంటుకుంటుందనీ చెప్పింది.
అందుకే పొయ్యిలో పడ్డ మనిషిని లాగడానికి
చెయ్యి ముందుకు పోదు,
కాలు వెనక్కి పోతుంది.
నా కాలూ పోయింది ఒకసారి, పన్నెండేళ్ళప్పుడు.
ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

పొద్దున ఏడింటికే పాంటు మోకాళ్ళ దాకా మడిచి
ఏట్లో రాయి మీద కూచునేది.
నీళ్ళు ఉరికే చోటే పుడతాయట ఆ నల్ల ఈగలు.
పిక్క మీద వాలినదాన్ని
కుట్టేలోగా గాజుగొట్టంలో మూసి
దాని మీద గంట వేసేది.
బట్టలుతికే ఆడవాళ్ళు పగలబడి నవ్వారు:
"అంత చదువుకుని ఈగలకి మేతవుతావేం తల్లీ?"
"మీరు రోజూ అవుతున్నారుగా.
నేను లెక్క రాస్తున్నాను, అంతే తేడా."

ఈ ఈగ కళ్ళు తీస్తుందని మా తాతలకీ తెలుసు.
పిల్లల తలలోకీ దారి చేస్తుందా అన్నది ఆమె ప్రశ్న.
ఎవరైనా "చేస్తుంది" అంటే
"అనిపిస్తోంది" అని దిద్దేది.
నాకు ఒళ్ళు మండేది.
ఇన్ని గొట్టాలు, కాళ్ళ నిండా ఇన్ని పుండ్లు,
ఇంకా అనిపించడమేనా?

కొండ చివరింట్లో అక్షరం రాని ఫెలిస్టా
కొడుకు పడిన ప్రతిసారీ
గోడ మీద బొగ్గుతో గీత గీసేది.
రాత్రి పడితే అడ్డగీత.
మంటలో పడ్డ రోజు గీత చుట్టూ సున్నా.
ఒకటే సున్నా.
డాక్టరమ్మ ఆ గోడ ముందు
చర్చిలో నించున్నట్టు నించుంది.
తరవాత మోకాళ్ళ మీద కూచుని
మొత్తం ఎత్తి రాసుకుంది.
పాతికేళ్ళ చదువులో
ఇంత శుభ్రమైన పట్టిక చూడలేదంది.

అప్పట్నించి రాత్రికో తెల్ల మాత్ర.
గీతలు పలచబడ్డాయి.
గౌడెన్స్ మొదటిసారి
చెల్లెలి కాపలా లేకుండా మేకల్ని తోలుకెళ్ళాడు.
నవంబరులో డిస్పెన్సరీ డబ్బా ఖాళీ.
లారీ రావాలి, ఎక్కడో ఎవరో సంతకం పెట్టాలి.
ఆమె జీతం పెట్టి, నేను పెట్రోలు పోసి
ఇఫకరా నుంచి తెచ్చింది
ముప్పై ఒక్క ఇళ్ళకి చాలని మందు.
ఎవరికి ఇవ్వలేమో రాసుకున్న కాగితం
నాకు చూపించలేదు.

మళ్ళీ కొండెక్కేసరికి గోడ నున్నగా ఉంది.
ఎర్రమట్టితో అలికేసింది ఫెలిస్టా.
"వాడు పెద్దవాడవుతున్నాడు," అంది.
"లేవగానే తన గీతలు తనే లెక్కపెట్టుకుంటున్నాడు.
ఏ తల్లి చూస్తూ ఊరుకుంటుంది?"
డాక్టరమ్మకి బదులు దొరకలేదు.
గోడ మీద చెయ్యి ఆనించింది.
మట్టి ఇంకా చల్లగా ఉందని నాతో అంది తరవాత.

దిగేటప్పుడు బండి ఆపమంది.
భుజం మీంచి చదివాను:
"నలభై నాలుగు రోజులు. మూర్ఛలు లేవు."
కొట్టేసింది.
"గీతలు లేవు."
అదీ కొట్టేసింది.
ఇంజను చల్లబడి టిక్కు టిక్కుమంటోంది.
చివరికి "తెలియదు" అని రాసి
కింద తేదీ వేసింది.

అప్పుడు చెప్పాను.
పొయ్యి, మా పిన్ని కూతురు, నా కాలు.
ఆమె ఓదార్చలేదు.
ఏ ఊరు, ఏ సంవత్సరం,
అంతకుముందు ఎన్నిసార్లు పడేది అని అడుగుతూ
కొత్త పేజీ తిప్పింది.
పిల్ల పేరేమిటంది.

ఆ పేరు బయటికి రావడానికి
నేను రెండుసార్లు నోరు తెరవాల్సి వచ్చింది.