మాటకు తొమ్మిది సెంట్లు

కోర్టువాళ్లు నాకో అట్టపెట్టె ఇచ్చారు.
ఆరువందల పన్నెండు ఈమెయిళ్లు,
కాగితం మీదికి దించి దారంతో కుట్టినవి.
జర్మన్ నుంచి మాల్టీస్‌లోకి తేవాలి,
మాటకు తొమ్మిది సెంట్లు.
వాలెట్టాలో మూడో అంతస్తు నాది.
రేవులో ఓడ కూసినప్పుడల్లా
బల్లమీద కాఫీకప్పు సన్నగా వణుకుతుంది.

"ప్రియమైన ఓటోకార్, మీరు లేక వెలితిగా ఉంది."
"ఓటోకార్, రెండువందల స్పిన్నులు, ఉచితం."
"ఈ రాత్రి చక్రం మీవైపే తిరుగుతోంది, ఓటోకార్."
కన్నతల్లి కూడా అన్నిసార్లు పేరుపెట్టి పిలవదు.

అతను ఆస్ట్రియాలో, బ్రుక్ అనే ఊళ్లో
రైల్వే సిగ్నల్ కాబిన్ మనిషి.
జూదం మానేసి పద్నాలుగు నెలలు.
మానేసిన తేదీని టిఫిన్ డబ్బా మూత లోపల
మేకుతో గీసుకున్నాడు.
ఆ మూత ఫోటో కూడా పెట్టెలో ఉంది, సాక్ష్యం నంబరు నలభై.
దాన్ని అనువదించక్కర్లేదు, అన్నీ అంకెలే.

మొదటి ఈమెయిల్ అడుగున, చీమతలంత అక్షరాల్లో,
"ఇక వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి."
నొక్కాడు.
తలుపు వెనక నక్కినవాడు
తనే దగ్గి దొరికిపోయినట్టయింది.
మర్నాటి నుంచి రోజుకి నాలుగు.

విచారణ రోజు నన్నూ ఓ మూల కూర్చోబెట్టారు.
కాసినో వకీలు లేచాడు,
నల్లకోటు మీద పస్తిజ్జి పొరల పొడి.
మేం పంపలేదన్నాడు. ప్రచారం మా భాగస్వామిది.
భాగస్వామి సైప్రస్‌లో ఉంటాడు, అతనూ పంపలేదు,
ఆటగాళ్లని తెచ్చినవాడికి కమీషన్ ఇచ్చాడంతే.
తెచ్చినవాడికి పేరు లేదు,
ఏడువేల ఏడువందల నలభై ఒకటి అనే నంబరుంది.
ఆ నంబరు చిరునామాల జాబితా కొన్నది.
జాబితా అమ్మినవాడు పోయినేడే దుకాణం ఎత్తేశాడు.
ఇక సర్వరంటారా, అది యంత్రం,
యంత్రానికి దురుద్దేశం ఉంటుందా?

తిలాపాపం తలా పిడికెడు అంటారు కదా,
ఒక్కో పిడికిలీ విప్పించి చూశాం,
ఎవరి అరచేతిలోనూ నువ్వుగింజ లేదు.

మేజిస్ట్రేట్ సాలియ్బా అద్దాలు తీసి అడిగింది:
"పోగొట్టుకున్న డబ్బు చివరికి ఎవరి ఖాతాలో పడింది?"
వకీలు గ్లాసులో నీళ్లు తాగాడు.
తర్వాత చాలాసేపు నీళ్లు నమిలాడు.
కేసు అక్టోబరుకి వాయిదా.

మూడువందల ఎనభై ఎనిమిదో ఈమెయిల్
రాత్రి రెండూ పదకొండుకి వచ్చింది.
ఓటోకార్ డ్యూటీలో ఉన్నాడు, ఫోను వెల్లకిలా ఉంది.
బయట ఓ సరుకు రైలు ఎర్రదీపం ముందు
ఊరికే పదకొండు నిమిషాలు నిలబడింది.
ఎవరికీ ఏమీ కాలేదు.
ఆ పదకొండు నిమిషాలకి బాధ్యులెవరో
రైల్వేవాళ్లు ఒక్కపూటలో తేల్చేశారు.

వరండాలో బెంచీ మీద, టోపీ ఒళ్లో పెట్టుకుని,
అతను నన్నడిగాడు:
"ఉచితం అన్నదాన్ని మీ భాషలో ఏమంటారు?"
"బ్‌షేయ్న్," అన్నాను,
"విడదీస్తే, ఏమీలేనిదానితో, అని."
రెండుసార్లు పలికి చూసుకున్నాడు.
"మీవాళ్లు సరిగ్గా పెట్టారు," అన్నాడు.

ఇంటికొచ్చి బిల్లు రాశాను.
ఉచితం అన్న మాట ఒక్కటే
పంతొమ్మిదివందల నాలుగుసార్లు.
నూటడెబ్బయి ఒక్క యూరోలా ముప్ఫయ్యారు సెంట్లు.
వేరే పద్దుగా రాయాలా అని పెన్ను కాసేపు ఆగింది,
రాయలేదు, మొత్తంలో కలిపేశాను.
డబ్బు పదోరోజుకి వచ్చింది.
కరెంటు కట్టాను.
మిగిలినదాంతో తోలుచెప్పులు కొన్నాను, గోధుమరంగువి,
నడిస్తే చప్పుడు కావు.
అక్టోబరులో ఆ వరండాలోకి
ఏవి వేసుకుని వెళ్లాలో ఇంకా తేల్చుకోలేదు.