ఇరవై మూడో క్యాన్

హేమ్లా నాలుగోసారి వచ్చిండు.
షెడ్డు ముందు బండి ఆపి, దిగకుండనే
"మళ్ల గదే అన్నా" అన్నడు.
గుట్ట మలుపు కాడ స్క్రీన్ మీద ఎర్రబొమ్మ పడుతదట,
బ్యాటరీతో మాట తెగిందని రాస్తదట,
బండి నడిరోడ్డుల సల్లబడ్తదట.
తాళం తీసి, బీడీ తాగినంత సేపు ఆగి తిప్పితే
ఏమెరగనట్టు లేస్తదట.

నా కాడికొస్తే మాత్రం
ఇన్‌స్పెక్టర్ వచ్చిననాటి బడి లెక్క కూసుంటది.
లాప్‌టాప్ పెడితే తప్పు పేరుంది, తారీఖుంది,
తప్పు లేదు.
మూడుసార్లు రెండొందల చొప్పున తీసుకొని
మూడుసార్లూ ఒక్కటే చెప్పి పంపిన:
"బండిల ఏం లేదు, నీ నడుపుడుల ఉంది."

రెండు తీగలు, ఒకదాని చుట్టు ఒకటి పేనినవి.
ఒకటి ఎగిస్తె ఒకటి దిగుతది,
ఆ రెంటి నడుమ ఎడమే మాట.
రెండు కొసలకు ఇద్దరు కాపలా, చెరి నూటిరవై ఓములు.
ఇద్దరుంటే మీటర్ల అరవై,
ఒకడు పోతే నూటిరవై.
పదకొండేండ్లు డీజిల్ ఆటోలు విప్పినోణ్ని,
మనిషి తగ్గితే అంకె పెరిగే ఈ లెక్క
చానా దినాలు నాకు ఒంటపట్టలే.

కొలిచిన. అరవై.
కనెక్టర్ ఊపిన, గుంజిన,
సడ్డకుని సెలూన్ల డ్రయ్యర్ తెచ్చి కాకబెట్టిన.
అరవై.
కొండమల్లేపల్లి ఎండకు లొంగనిది
డ్రయ్యర్‌కు లొంగుతదా.

అప్పుడు ఎందుకో అడిగిన,
"ఇటొచ్చేటప్పుడు క్యాన్లేవి?"
"నీ షెడ్డుల నీళ్లు కారుతయని
ప్లాంటు కాడ్నే దించొస్త."

"పో. నింపుకొని రా."

మళ్ల దించి, తాళం తీసి, మీటర్ ముళ్లు గుచ్చి
బండి కింద ఎల్లెలుకల పండుకున్న.
పైన హేమ్లా తన భాషల లెక్కబెట్టుకుంట
ఒక్కొక్కటే ఎక్కిస్తున్నడు.
పది. అరవై.
పదహారు. అరవై.
నా ముఖం మీద చుక్కలు పడ్తున్నయి.
ఇరవై రెండు. కమాన్ కట్ట మూలిగింది.
ఇరవై మూడు.
నూటిరవై.

"దించు" అన్న. అరవై.
"ఎక్కియ్." నూటిరవై.
ఆ ఒక్క క్యానే ఐదుసార్లు ఎక్కింది, దిగింది.
ఎందుకని ఆయన అడుగలే.

టార్చ్ ఏసిన.
చాసిస్‌కు కట్టాల్సిన తీగల జడ
కమాన్ పట్టీకి కట్టి ఉంది.
బరువు పడంగనే పట్టీ సాపైతది, తీగ గుంజుతది,
కనెక్టర్ లోపట ఒక పిన్ను వెంట్రుకవాసి ఎనుకకు జరుగుతది.
సాఫు రోడ్డు మీద ఒక్క కాపలాతో ఎట్లనో నెట్టుకొస్తది.
గుట్ట మీద మోటర్ గట్టిగ లాగినప్పుడు
ఆ గోలల మాట మునుగుతది.

కట్టిన టై పచ్చది.
మా చౌరస్తల పచ్చ టైలు వాడేది నేనొక్కణ్నే,
హైదరాబాద్‌ల అగ్గువకొస్తే కిలో లెక్కన తెచ్చిన.
ఎండకాలం, ఎనుక లైటు మార్చిననాడు.

పండుకున్నోణ్ని లేవలే.
"దొరికిందా అన్నా?"
"దొరికింది."
"ఏందది?"
"కట్టు."

కోసిన. పిన్ను మార్చిన. చాసిస్‌కు వదులుగ కట్టిన.
ఇరవై ఐదు క్యాన్లు, అరవై.
గల్లాల నుంచి ఆరొందలు తీసిస్తే
ఏందివని చూసిండు.
ఆ కట్టు ఎవరిదో చెప్పిన.
నోట్లు మడిచి జేబుల పెట్టుకున్నడు, ఏమన్లే.
బండి గుట్ట దిక్కు పోయింది.

పొద్దుగూకే దాక ఫోన్ మోగలే.
బండి నడుస్తున్నట్టా,
ఇంక నా కాడికి రానట్టా.
పచ్చ టైల సంచి మూతి బిగించి
అటక మీదికి ఇసిరిన.
మళ్ల దించిన.
మిగిలినయి లెక్కబెట్టుకుంట కూసున్న,
పోయినయి ఎన్ని బండ్లకు కట్టిన్నో
యాది చేసుకుంట.