పురుగు కొరికిన అంగీ

రఫ్ఫు పని నాది.
సమన్‌తాష్ కోటగోడ కింద, రాగిపాత్రల వీధి చివర,
మూడు మెట్లు దిగితే తల తగిలే కొట్టు.
మంత్రం నేసేవాళ్ళు పై బజారులో, గొడుగుల కింద కూర్చుంటారు.
చిరిగాక మాత్రం అందరూ నా మెట్లే దిగుతారు.

నడుము సన్నగా చూపే పటకా ముడి దగ్గర పీలికలవుతుంది.
వయసు దాచే ముసుగు,
కళ్ళు తుడుచుకునే చోట.

ఆ చలికాలం మెహ్రినిగార్ అంగీ వచ్చింది.
దానిమ్మగింజ రంగు పట్టు.
అది తొడుక్కుని ఆమె వీధిలోకి వస్తే
చేతిలో టీ గిన్నె ఉందన్న సంగతి మగాళ్ళు మరిచిపోయేవారు.
గిన్నెలు చేసే ఎర్‌నజర్ ఏటా ఆమెకి
బాదంపప్పు కానుకగా పంపేవాడు.

అంచు మీద గోరంత కన్నం.
మడత విప్పితే రెక్కలపురుగు, బూడిదరంగుది,
కడుపునిండా మంత్రం తిని కూర్చుంది.
నలిపేద్దామని వేలెత్తాను.
ఎత్తిన వేలు ఎత్తినట్టే ఉండిపోయింది.
ఏం చెప్పను,
అంత అందం నా పెళ్ళిలో కూడా చూళ్ళేదు నేను.

ఎగిరింది.
వెనకాలే నేను, సూది చేత్తో, ఒంటికాలి చెప్పుతో.
నా వెనక రొట్టెలవాడు, వాడి వెనక
వాడిని అప్పడగడానికొచ్చినవాడు.
పురుగేమో పురుగే కదా, దీపం వైపు పోయింది.
"ఆర్పండి!" అని ఎవరో గావుకేక. నేనే కావచ్చు.
వీధి ఆరింది. పక్క వీధికి మళ్ళింది. అదీ ఆరింది.
పొయ్యిల మీద తడి గోనెలు పడ్డాయి.
బురుజు మీద నూరేళ్ళుగా ఆరని మంటని
కావలివాళ్ళే ఇసక పోసి చంపారు, ఏడుస్తూ.

చీకటి.
చీకట్లో ఏ అంగీ పనిచెయ్యదు.
నేతగాళ్ళు ఈ మాట బేరంలో చెప్పరు.

"ఎవరది?"
"నేనే."
"నేనే అంటే?"
ఊరంతా ఇదే గొడవ.
నా పక్కన ఎవరో మెట్టు మీద చతికిలబడ్డారు.
ఉల్లిపాయ వాసన. కంకర మీద బండి నడిచినట్టు గొంతు.
"నా అంగీ అయిందా?"
కాలేదన్నాను.
కాసేపాగి, తన తల్లి ఉప్పమ్మేదని చెప్పింది.
నేను నమ్మలేదు.
నమ్మించడానికి గొంతెత్తి కేకేసింది,
"ఉప్పో... ఉప్పు!"
గోడలు అదిరాయి.
ఎదర చీకట్లోంచి తుర్దికుల్,
సుత్తి దెబ్బలకి ఒక చెవి పోగొట్టుకున్న కంసాలి,
"రెండు మానికలు పొయ్యమ్మా" అన్నాడు.
తడుముకుంటూ వచ్చి
వినబడే చెవి ఆమె వైపు తిప్పి కూర్చున్నాడు.
ఏ ఉప్పు కూరకి, ఏది ఊరగాయకి,
తెల్లారేదాకా అదే మాట.
నేను నిద్రపోయాను.

పొద్దున గిన్నెలు పగులుతున్న చప్పుడుకి మెలకువొచ్చింది.
పురుగు ఏమయిందో ఎవరికీ తెలీదు.

ఇప్పుడు ప్రతి చలికాలం అంగీ తెస్తుంది, కొత్త కన్నంతో.
"మళ్ళీ పురుగే" అంటుంది.
పురుగు పంటికీ కత్తెర కాటుకీ తేడా
తెలియకుండానే ఇన్నేళ్ళు కుట్టానా?
"నెల పడుతుంది" అంటాను.
పూటపని అది.
ఆ నెల్లాళ్ళూ రాగిపాత్రల వీధిలో
పొద్దున్నే ఒక బొంగురు కేక.
తుర్దికుల్ ఒంటరివాడు. వారానికి చిటికెడు చాలు.
ఆ ఇంట్లో ఈపాటికి
ఎంత ఉప్పు పేరుకుపోయిందో!