శనివారం మాత్ర

కోడి కూశాక గంటన్నర దాకా
నా చేతులు నావి కావు.
చెంబు ఎత్తవు, కొళాయి తిప్పవు,
జాకెట్టు హుక్కు దగ్గర
చంటిపిల్ల చేతుల్లా తడుముకుంటయ్.

ఈ చేతులే
కొండపి బ్యారన్ల ముందు
మూడేసి ఆకులు పట్టి, పురి తిప్పి, ముడి బిగించి
పొద్దుగూకేలోపు అరవై కర్రలు అల్లినయ్.
పొగాకు జిగురు నల్లగా పేరుకుంటే
రాత్రి ముద్ద ముద్దకీ చేదు.
మేస్త్రీ సింగయ్య లెక్క రాసేటప్పుడు
నా పేరు దగ్గర కలం ఆపి
ఒకసారి తలెత్తి చూసేవాడు.

ఇప్పుడు వాటిని
వేణ్ణీళ్ళ బకెట్లో ముంచి
ఒక్కో వేలినీ బతిమాలి లేపాలి.
చిటికెనవేలు ముందు లేస్తుంది.
ఉంగరపు వేలిది మహా మొండితనం,
వాచిన కణుపు మీద
ఉంగరం కోయించిన రోజు నుంచీ అలకే.

వీధిలో అందరూ వైద్యులే.
గోంగూర మానమంది ఒకామె.
వావిలాకు కాపడం పెట్టమంది ఇంకొకామె.
వాతమేలే, వయసు మీదపడితే అంతే, అన్నాడు మా పెదమామ.
నాకు ముప్పై ఎనిమిదేళ్ళు.

ఒంగోల్లో రక్తం తీశారు.
పాజిటివ్ అంటే మంచి కబురనుకున్నా.
ఒంట్లో కాపలా ఉండేవాళ్ళే
కీళ్ళ మీద పడ్డారమ్మా, అన్నాడు పెద్ద డాక్టరు.
కంచే చేను మేసినట్టు, అంది పక్కనున్న నర్సమ్మ.
నేను ఒప్పుకోలా.
చేను కాసే మా తాత
చూపు మసకేసిన రోజుల్లో
అడవిపంది అనుకుని
సద్ది తెచ్చిన కొడుకు మీదికే కర్ర విసిరాడు.
మా నాయన మోకాలికి ఆ మచ్చ చచ్చేదాకా ఉంది.
తాత దొంగ కాదు.
కాపలా ముదిరి గుర్తు తప్పాడు, అంతే.

వారానికి ఒకే రోజు మింగే మాత్ర రాశాడాయన.
రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుందని
చీటీ మీద రెండు గీతలు గీశాడు.
నేను శనివారం పెట్టుకున్నా.
మాలకొండ సామీ శనివారమేగా తలుపు తీసేది!
నా పేరూ ఆయనదే,
మాలకొండమ్మని.
మిగతా ఆరు రోజులూ
కొండకీ నాకూ ఎదురుచూపే.

కందుకూరులో, పామూరు రోడ్డు పక్క
మెట్ల కింద గదిలో
హోమియో కరీముల్లా గారు.
ముందు చెయ్యి పట్టి చూళ్ళా.
అడిగాడు.
తొలి కదలికకా నొప్పి, కదిలేకొద్దీనా?
వాన పడ్డాకా, మబ్బు పట్టినప్పుడేనా?
దాహం ఎలా, చెంబు ఎత్తి గటగటానా, గుక్కా గుక్కానా?
కలలో ఏం చేస్తుంటావు?

ఆ మాట
పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఎవరూ అడగలా.
ఆకు అల్లుతుంటానండీ, అన్నా.
ఎంత అల్లినా కర్ర నిండదు.
అదీ రాసుకున్నాడు, కాగితం మీద.

నువ్వుగింజంత తెల్ల గోళీలు, పొట్లం కట్టి ఇచ్చాడు.
నాలిక మీద తీపి.
శనివారం మాత్ర ఆపావో
మళ్ళీ నా గడప తొక్కొద్దు, అన్నాడు.
నాది దాని పక్కన కూచునేది,
దాని పీట లాగేది కాదు.

ఏడాదిన్నర.
గంటన్నర బిగువు
ఇప్పుడు ముప్పావు గంటకి దిగింది.
ఏ మందు పనిచేసిందమ్మా, అంటుంది నా కూతురు సుభాషిణి.
ఒంగోలు చీటీల్లో అంకెలు
శనివారం వైపే చూపిస్తున్నయ్, కాదనను.
అయినా నెలకోసారి
బస్సు ఛార్జీ పెట్టుకుని మెట్ల కింద గదికి పోతా.
ఎందుకో దానికి చెప్పలేను.

మొన్న పోయినప్పుడు
ఆయన పొట్లం మడుస్తుంటే
కాగితం మూల మడతకి రాలా.
మళ్ళీ మడిచాడు. మళ్ళీ జారింది.
బొటనవేలి మొదట్లో వాపు,
నాకు తెలిసిన వాపే.

కుర్చీ ముందుకి జరుపుకుని అడిగా.
మీకు పొద్దున్నేనా అండీ, రాత్రిళ్ళా?

కలం కింద పెట్టాడు.
కిటికీలోంచి కాసేపు రోడ్డు చూశాడు.

మబ్బు పట్టినప్పుడమ్మా, అన్నాడు.