లేసు లెక్క

నర్సాపురం స్టీమరు రోడ్డులో నా కొట్టు. ఫోన్లు బాగుచేస్తాను.
ఎవరో బాగుకిచ్చి తిరిగి రాని లాప్‌టాప్ ఒకటి
మూడేళ్లుగా నాదైపోయింది. బ్యాటరీ లేదు.
ఉప్పుగాలికి బ్రాకెట్ల మీటలు చచ్చిపోయాయి.

రాత్రి తొమ్మిదింటికి షట్టరు సగం దించి
పాటని లెక్కతో అల్లే పనిముట్టు కోసం వెతుకుతాను.
నాకు వాయించడం రాదు.
వరస నేను చెబితే యంత్రం వాయించాలి,
ఆ వరసలోంచి నేననుకోని వరసొకటి పుట్టాలి.
అంతే ఆశ.

మొదట దొరికిందాన్లో అన్నీ పెట్టెలూ తీగలూ.
తెర నిండా కాలవల పటం:
ఇక్కడ లాకు, అక్కడ తూము, నీటికి బదులు స్వరం.
పదో పెట్టె పెట్టానో లేదో
ఫ్యాను గుర్రుమని లాప్‌టాప్ బిగుసుకుపోయింది.

రెండోది ఘనమైనదే. కానీ అడుగడుగునా బ్రాకెట్లు.
ఒక్కొక్కటీ ఇంకోచోటినుంచి కాపీ తీసి అతికించాను,
అరువు చెప్పులతో పెళ్లికెళ్లినట్టు.
నలభయ్యో వరసలో తప్పుందంది.
ఏం తప్పో చెప్పలేదు.

అరుగు మీద సారమ్మత్త లేసు అల్లుతోంది.
ఇంట్లో కరెంటు దండగని రోజూ నా ట్యూబులైటు కిందే.
పెదాలు కదులుతుంటాయి:
గొలుసు అయిదు, రెండు వదులు,
గొలుసు అయిదు, రెండు వదులు,
ఆరుసార్లు. అప్పుడు మలుపు.
ఇన్నాళ్లూ ప్రార్థన అనుకున్నాను.

"ఏవిటబ్బాయ్ ఆ గీతలు?"
తెర ఇటు తిప్పాను.
కళ్లజోడు పైకి నెట్టి
ఒక్క ముక్క తెలీని ఇంగ్లీషు మీద వేలు నడిపించింది.
"ఇక్కడ తెరిచావు. ఇక్కడా తెరిచావు. ఇదిగో మూడోది.
మూసింది రెండే.
పువ్వెలా ముడిపడుద్ది?"

మూడోది చిన్న పనిముట్టు.
మాటలూ, చుక్కలూ, అంకెలూ చాలు దానికి.
ఆవిడ లెక్కే కొట్టాను.
అయిదు దెబ్బలు, వదిలిన రెండూ మౌనం.
దాని కింద ఎనిమిది దెబ్బల వరస ఇంకోటి పరిచాను.
ఏడూ ఎనిమిదీ ఒక రేవులోంచే బయల్దేరి
యాభయ్యారు దెబ్బలు దాటాక గానీ కలుసుకోలేదు.
ఆ మధ్యలో, ఎవరూ రాయని ఒక నడక
బాగుకొచ్చిన ఫోను స్పీకర్లోంచి వినిపించింది.
నాకు ఒళ్లు జలదరించింది.

సారమ్మత్త సూది ఆపి వింది.
"వేగం ఎక్కువైంది. మణికట్టు లాగేస్తది."
కాసేపాగి, "దీనికి ముక్కకెంతిస్తారు?"
ఎవరూ ఏమీ ఇవ్వరన్నాను.
"మాకూ ఇంచుమించు అంతే" అని
పళ్లెమంత పువ్వులో ఓ కుట్టు జారిందని
దారం కొస పట్టుకుని చుట్టు మొత్తం లాగేసింది.
దారం ఎక్కడా తెగలేదు.

నేనూ వేగం తగ్గిద్దామని అంకె దిద్దుతుంటే
కరెంటు పోయింది.
తెర ఆరింది, సేవ్ చెయ్యలేదు.
తిట్టబోయి నోరు మూసుకున్నాను.
అరుగు మీద చీకట్లో
గొలుసు అయిదు.
రెండు వదులు.
గొలుసు అయిదు.