గుండు, బద్ద, ముక్క

కాశీబుగ్గలో షట్టరు సగం దించిన జిరాక్సు కొట్లో
రాత్రి పదకొండు దాటాక కూర్చుంటాం,
నేనూ, లోలాక్షీ, కొట్టు నడిపే ఢిల్లేశూ.
పేరుకే ఢిల్లేశు.
ఇటు ఇచ్ఛాపురం, అటు విజీనారం దాటి ఎరగడు.

బ్రెజిల్ అని కొట్టమన్న మొదటి రాత్రి
"అక్కడ మీకెవలున్నారప్పా?" అన్నాడు.
ఎవరూ లేరు.
"మరేటి పని?"
పనేం లేదు.
ముప్పై ఒక్క ఏళ్ళలో పనేం లేకుండా
ఎక్కడికైనా వెళ్తామన్నది ఇదే మొదలు.

షావుకారు గోడ మీద పాత క్యాలెండరుంది.
దాని మీద ఒక జీడిచెట్టు,
రెండు వీధులంత పరుచుకుని
కొమ్మ నేలకి దిగినచోటల్లా మళ్ళీ వేరు పట్టి.
అంతా కలిపి ఒకటే చెట్టట.
ఈ గింజకి పుట్టిల్లు ఆ దేశమేనని
ఓడెక్కి మన ఒడ్డుకొచ్చిందని గుమస్తా చెప్పాడు.
దానికి టిక్కెట్టెవరు కొన్నారో.

విశాఖ నుంచి చూస్తే, మనిషికి లక్షా అరవై.
లోలాక్షి నీళ్ళసీసా మూత తీసి
తాగకుండానే మళ్ళీ బిగించింది.
శుక్రవారం ఒక ధర, మంగళవారం ఒక ధర,
టీ తాగొచ్చేసరికి ఇంకో ధర.
"మనం సూస్తన్నామని దానికి తెలిసిపోతందప్పా"
అని ఢిల్లేశు తెర మీద చెయ్యి అడ్డం పెట్టాడు.
నిజమే కావచ్చు.
చేపల బజార్లో కోనేం చేప వైపు
తిన్నగా చూసినదాన్ని ఎప్పుడు వదిలారు గనక.

నాలుగో రాత్రి నాకు తట్టింది.
నేను గ్రేడింగు మనిషిని.
గుండుకి గుండు ధర, బద్దకి బద్ద ధర,
ముక్కకి ముక్క ధర.
పాయసంలో పడ్డాక రుచి ఒకటే.
"ఒలే, మనం గుండే కావాలని కూకున్నాం.
ముక్కలు సూడమను."

ముక్కలు చూశాడు.
పలాసలో కోణార్క్ ఎక్కితే బొంబాయి దాకా స్లీపరు.
అక్కణ్ణుంచి అడిస్ అబాబా
(ఆ పేరుకి లోలాక్షి పడీపడీ నవ్వింది,
ఊరు పేరా, పురుటి నొప్పులా అని).
అక్కడ పందొమ్మిది గంటలు ఖాళీగా కూర్చోవాలి.
పొద్దస్తమానం పీట మీద కూర్చునేవాళ్ళకి
అదొక లెక్కా? పైగా అక్కడ ఎవరూ పప్పు తూచరు.
ఆపైన సముద్రం.
దిగాక బస్సులో రెండు పగళ్ళు, రెండు రాత్రులు.
ఇంత అతుకుతే ఎనభై ఎనిమిది వేలు.

చౌక టిక్కెట్టుకి తోకలుంటాయి.
వీసా ఒక తోక, పచ్చజ్వరం సూది ఇంకో తోక,
సీటు పక్కపక్కన కావాలంటే అదీ ఒక తోకే.
పాస్‌పోర్టుకి వేలు పెట్టమంటే
జీడినూనె తినేసిన వేళ్ళు,
గీతలు లేవంది మిషను.
ఎడమ చిటికెనవేలి కొసన
కొంచెం మిగిలి ఉంది నేను.
దాంతోనే అయింది.

మనకి వేసవిలో దిగే పండు
అక్కడ నవంబరులో దిగుతుందట.
దీపావళి వెళ్ళిన రెండో మంగళవారం పెట్టుకున్నాం.
"ఈ ధరకి ఒక్క సీటే మిగిలింది" అంది తెర.
ముగ్గురం మాట్లాడలేదు.
బయట గూడ్సు వెళ్తోంది, ఎన్ని పెట్టెలో.
లోలాక్షి అంది, "నువ్వెల్లొచ్చి సెప్పు."
నేను ఢిల్లేశుతో అన్నాను,
"గురువారం కొట్టు."
గురువారం రెండున్నాయి.
పదకొండొందలు ఎక్కువ.

రద్దు చేస్తే డబ్బు తిరిగి రాదు, ఒప్పుకుంటారా అని
చిన్న గడి అడిగింది.
ఏడేళ్ళ చీటీ ఇద్దరిదీ
ఆ గడిలో ఒక్క టిక్కు.
ఢిల్లేశు కాగితాలు రెండు తీసిచ్చి
జిరాక్సు డబ్బులు పుచ్చుకోనన్నాడు.
చలిమిడి ఉండలు కట్టకూడదా అనడిగాడు.
మనిషికి ఇరవై మూడు కిలోలు.
రెండు టిన్నుల పప్పంత, ఆపైన మూడు.
మా చీరలన్నీ పెట్టినా అంత తూగవు.

మర్నాడు మిల్లుకెళ్తూ
ఊరికే చూద్దామని చూశాం.
తొమ్మిదొందలు తగ్గింది.

మజ్జాన్నం గంట కొట్టేదాకా
లోలాక్షి నాతో మాట్లాడలేదు.